కోటయ్య ఇంట్లో ఉన్న బొమ్మ కోసం

పొన్నూరులో రైలెక్కాలంటే నిడుబ్రోలు స్టేషనుకే రావాలి. రెండు వేల నాలుగో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పొద్దున ఆరు కావస్తుండగా మేం ముగ్గురం ఆ ప్లాట్‌ఫాం మీద తెనాలి వైపు పోయే ప్యాసింజర్ కోసం నిలబడి ఉన్నాం. నేను, మా అమ్మ మస్తానమ్మ, మూడో తరగతి చదువుతున్న నా కూతురు షకీలా. నా భార్య కరీమా కొట్టు చూసుకోవడానికి ఉండిపోయింది. మాది పరుపులు కుట్టే కొట్టు. తాతల నాటి నుంచీ దూదేకడమే మా పని.

సంచిలో పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, అమ్మ కంట్లో వేసే చుక్కల మందు, షకీలా రంగుల పెట్టె ఉన్నాయి. రంగుల పెట్టె ఎందుకు, దండగ అని అమ్మ అంది. షకీలా వింటేగా!

మేం బయల్దేరింది ఒక బొమ్మ కోసం. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో కోటయ్య గారనే రైతు ఇంట్లో అమ్మ వేసిన నీటిరంగుల బొమ్మ ఒకటి ఉంది. దాన్ని వెనక్కి తెచ్చి చించి పారేయాలని అమ్మ పట్టుదల. ఎందుకంత పట్టుదలో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

షకీలాని బళ్ళో వేసినప్పుడు పన్నెండు రంగుల పెట్టె కొనమన్నారు. కొన్నాం. పిల్ల ఒక్కతే వేసుకుంటే సరిపోయేది. పక్కన కూర్చున్న నాయనమ్మ ఒకరోజు కుంచె లాక్కుంది. తర్వాత కరీమా చేరింది. చివరికి నేనూ చేరాను. కొట్టు కట్టేశాక సాయంత్రం చాప పరిచి, నడుమ ఒక గ్లాసు నీళ్ళు పెట్టుకుని నలుగురం చుట్టూ కూర్చునేవాళ్ళం. కరీమా వంకాయ బొమ్మ పూర్తయ్యేదాకా వంకాయ కూర పొయ్యెక్కేది కాదు. వేసిన కాగితాలు బట్టల తీగకి క్లిప్పులు పెట్టి ఆరేసేవాళ్ళం. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వితే నవ్వారు గానీ, మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన రోజులు నాకు గుర్తు లేవు.

అందరిలోకీ అమ్మ చెయ్యి మంచిది. కానీ ఒక ఏడాది తిరిగేసరికి అమ్మ బొమ్మల్లో రంగులు మారిపోయాయి. ఆకులు మట్టిరంగు, గోడలు మట్టిరంగు, టమాటాలు సైతం మట్టిరంగు. ఒకసారి కుంచె కడిగిన గ్లాసులో నీళ్ళని టీ అనుకుని రెండు గుక్కలు తాగేసింది కూడా. అప్పుడు అందరం నవ్వుకున్నాం. షకీలా మాత్రం, "నాయనమ్మా, మిరపకాయలు అట్టా ఉండవు" అనబోయింది. నేనే కళ్ళురిమి నోరు మూయించాను. "అమ్మా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. రెండేళ్ళు అదే మాట అన్నాను.

అమ్మకి శుక్లాలు ముదిరాయని తెలిసేసరికి ఆలస్యమైంది. గుంటూరులో కుడి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన రోజు అమ్మ గోడకి అంటించిన తన బొమ్మల ముందు చాలాసేపు నిలబడింది. "ఇవి నేనేసినవేనా?" అని అడిగింది. తర్వాత ఒక్కొక్కటే ఊడదీసి పొయ్యిలో పెట్టింది. "అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశార్రా" అంది. అంతే, మళ్ళీ కుంచె ముట్టలేదు. డాక్టరు జాగ్రత్తగా ఉండమన్న నలభై రోజులూ అయ్యాక ఆమె నోరు విప్పి అడిగిన మొదటి కోరిక, కోటయ్య ఇంటికి తీసుకుపొమ్మని. ప్రపంచంలో మిగిలిన తప్పు బొమ్మ అదొక్కటేనని ఆమె లెక్క.

ప్యాసింజర్ పావుగంట ఆలస్యంగా వచ్చింది. జనం పలచగా ఉన్నారు. కిటికీ పక్కన అమ్మని కూర్చోబెట్టాను. వరి కోసిన మడుల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. షకీలా పెట్టె తెరిచి రైలు కుదుపుల్లోనే మినుము చేలు వేయడం మొదలుపెట్టింది. గీతలన్నీ వంకర్లు పోతున్నాయి. ఎదురు సీట్లో పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ చూసి చూసి, "పాపా, బండి ఆగినప్పుడు గియ్యి, కదిలేటప్పుడు రంగెయ్యి" అంది. చక్కని సలహా. తెనాలి దాకా అదే పద్ధతిలో బొమ్మ నడిచింది. అమ్మ అటు చూడనట్టే చూస్తోంది.

తెనాలిలో బండి మారి ఎనిమిదిన్నరకి గుంటూరు చేరాం. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాం. ఇక్కడ ఒక మాట: కారప్పొడి నెయ్యి వేయించుకుని తినండి, చట్నీ జోలికి పోకండి. తొమ్మిదింటికి ప్రత్తిపాడు బస్సు దొరికింది. ఊరు దాటగానే నల్లరేగడి చేలు మొదలయ్యాయి. పత్తి ఆఖరి తీతలు నడుస్తున్నాయి. మిరపకాయలు ఆరబోసిన కల్లాలు ఉన్నచోటల్లా బస్సులో సగం మంది తుమ్మారు. అమ్మకి నల్లద్దాలు పెట్టించి, కొంగు ముక్కుకి అడ్డంగా కట్టించాను. "దొంగతనానికి పోతున్నట్టుంది" అని షకీలా కిలకిలా నవ్వింది. ప్రత్తిపాడులో దిగి, ఆటోలో పది నిమిషాలు పోతే కోటయ్య గారి ఊరు.

రెండేళ్ళ కిందట కోటయ్య గారు తన చేలో పత్తితోనే ఇంటికి పరుపులు కుట్టించుకున్నారు. మా వృత్తిలో పెద్ద పనైతే మేమే ఇంటికి వెళ్ళి, అక్కడే దూది ఏకి కుడతాం. ఆ మూడు రోజులూ అమ్మ నాతో వచ్చింది. నేను కుడుతుంటే తను మిరప కల్లం పక్కన కూర్చుని బొమ్మ వేసి, వచ్చేటప్పుడు కోటయ్య గారి భార్య ఆదెమ్మ గారి చేతిలో పెట్టింది.

ఈసారి మేం వెళ్ళేసరికి కోటయ్య గారు కల్లంలోనే ఉన్నారు. టార్పాలిన్ పట్టాల మీద ఎకరం మేర మిరపకాయలు పోసి ఉన్నాయి. కూలి మనుషులు రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నారు. అమ్మ గట్టు మీద ఆగిపోయింది. నల్లద్దాలు తీసింది. నేను వద్దంటున్నా వినలేదు. ఎడమ కంటికి ఇంకా ఆపరేషన్ కాలేదు కదా, కుడి కన్ను చేత్తో మూసి ఎడమ కంటితో చూసింది. తర్వాత ఎడమది మూసి కుడి కంటితో చూసింది. అట్లా నాలుగైదుసార్లు చేసింది.

"ఎప్పుడూ ఇంత ఎర్రగానే ఉంటాయా కోటయ్యా?" అంది.

"మిరపకాయలు ఎర్రగా గాక ఇంకెట్టా ఉంటాయి మస్తానమ్మా! పదండి, ముందు మజ్జిగ తాగుదురుగాని" అన్నారాయన. పక్క ఊరికి కూడా వినపడే గొంతు ఆయనది.

ఇంటికి వెళ్ళాం. ముందు గదిలో దేవుడి పటాల వరస చివర, అద్దం వేసి చట్రం కట్టించిన అమ్మ బొమ్మ! అమ్మ మొహం పాలిపోయింది. మజ్జిగ కూడా ముట్టకుండా, "కోటయ్యా, ఆ బొమ్మ నాకిచ్చెయ్యి. తప్పుగా వేశాను" అంది.

"తప్పేముందమ్మా? పొగాకు ఎంత బాగా వేశావు!" అన్నారు కోటయ్య గారు.

"పొగాకా?" అంది అమ్మ మెల్లగా.

"మరి పొగాకే గదా. మాకు పొగాకు లేదు, ఈమె పొగాకు ఎందుకేసిందా అని మేమూ అనుకున్నాం. ఒంగోలు కాడ మా బావమరిదికి ఉందిలే, ఆయన పొగాకేమోనని సరిపెట్టుకున్నాం."

"అవి మీ మిరపకాయలు కోటయ్యా!"

ఆదెమ్మ గారు బొమ్మ దగ్గరికి వెళ్ళి, అద్దానికి ముక్కు ఆనించి చూసి, బుగ్గన వేలేసుకున్నారు. "అయ్యో రాత! ఈయన వచ్చినోళ్ళందరికీ మా తమ్ముడి పొగాకు అని చూపిస్తన్నాడు గదమ్మా! మొన్న మా తమ్ముడే వచ్చి, అవును, మా పొగాకే అని మురిసిపోయి వెళ్ళాడు!"

అమ్మ ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ నేల మీద చతికిలబడింది. ఆపరేషన్ అయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

నవ్వు ఆగాక నా వైపు తిరిగింది. "చూశావా నాగూరూ, వీళ్ళు కనపడింది కనపడినట్టు చెప్పారు. నువ్వెందుకు చెప్పలేదురా?"

"నొచ్చుకుంటావని అమ్మా."

"నొచ్చుకునేదాన్నే. రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. మూడో రోజు ఆస్పత్రికి పోయేవాళ్ళం."

ముద్దు చేస్తున్నాననుకుంటూ మా అమ్మని రెండేళ్ళు చీకట్లో కూర్చోబెట్టింది నేనే. ఆ మాట అక్కడే, అందరి ముందూ ఒప్పుకున్నాను.

బొమ్మ మాత్రం కోటయ్య గారు ఇవ్వలేదు. "ఇంటికొచ్చిన మనిషి చేత్తో చేసిచ్చింది. పొగాకైతేనేం, మిరపైతేనేం, నేను తియ్యను. తప్పనుకుంటే ఇంకోటి వేసి పక్కన పెట్టు" అన్నారు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, షకీలా వైపు చెయ్యి చాచింది. షకీలా రంగుల పెట్టె ఆ చేతిలో పెట్టింది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. అమ్మ ఈసారి కల్లం నడుమ కాయల పక్కనే కూర్చుంటానంది. కోటయ్య గారు సరేనన్నారు గానీ, నీళ్ళ గ్లాసు మాత్రం లోపలికి రానివ్వలేదు. "చుక్క పడినా కాయ తాలైపోద్ది. నీళ్ళు గట్టు మీదే ఉండాలి." కల్లం పెట్టినవాళ్ళకి మబ్బుని చూసినా, బిందెని చూసినా గుండె గుభేలుమంటుంది మరి. ఇంక చేసేదేముంది, షకీలా గట్టు మీద కుంచె తడిపి పరుగెత్తుకొచ్చి ఇవ్వడం, మళ్ళీ పరుగెత్తుకెళ్ళి కడగడం. అమ్మ చేతికి వచ్చేసరికి ఎండకి కుంచె సగం ఆరిపోయేది. రంగు పలచగా పారకుండా ముద్దలు ముద్దలుగా పడింది. కాయలు ఏరే ఆడవాళ్ళు పని ఆపి మరీ చూశారు. "మా ఎర్ర చీర కూడా వెయ్యమ్మా" అని ఒకామె అడిగితే, మూలగా ఒక చుక్క పెట్టి, "ఇదే నువ్వు" అంది అమ్మ.

ఒంటిగంటకి భోజనం. వేడన్నం, పండుమిర్చి పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి. ఆదెమ్మ గారు వడ్డించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అన్నం తిన్నాక అమ్మ ఇంకో కాగితం మీద అదే కల్లం మళ్ళీ వేసింది. మొదటిది కోటయ్య గారి చేతికిచ్చి, రెండోది తన దగ్గర ఉంచుకుంది. మూడున్నరకి బయల్దేరాం. కోటయ్య గారు ఆటో దాకా వచ్చి, "ఈసారి పత్తి చేను వెయ్యి మస్తానమ్మా, అదైతే ఎవరూ పొగాకు అనుకోరు" అన్నారు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్ళండి. కళ్ళకి అద్దాలు, ముక్కుకి గుడ్డ మరిచిపోకండి. చూడదగ్గ గోపురాలేవీ లేవు గానీ, ఆ ఎరుపు ఇంకెక్కడా దొరకదు.

తెనాలిలో సాయంత్రం నిడుబ్రోలు బండి ఎక్కాం. షకీలా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పొద్దు వాలుతోంది. అమ్మ తన బొమ్మ ఒళ్ళో పరుచుకుని కాసేపు చూసుకుని నా ముందు పెట్టింది.

"ఎట్టా ఉందిరా?"

నోటిదాకా పాత మాటే వచ్చింది. మింగేశాను. "కాయలు బాగా వచ్చాయమ్మా. కల్లం మాత్రం నేల మీద పరిచినట్టు లేదు. గోడలాగా నిలబడిపోయింది" అన్నాను.

అమ్మ ఎడమ కన్ను మూసుకుని, బొమ్మని చేతి దూరంలో పట్టుకుని చూసింది. నేను ఆమె పక్కనుంచి వంగి చూస్తున్నాను. బండి ఒక స్టేషన్‌లో ఆగి, మళ్ళీ కదిలింది.

"అవున్రా," అంది చివరికి. "నాకూ గోడలాగే కనపడుతోంది."

రెండేళ్ళలో మేమిద్దరం ఒకే బొమ్మని చూడటం అదే మొదటిసారి.