పగులు ముందు చూపించే మాస్టారు

మా వేణువు మాస్టారు పోయారని చీపురుపల్లి స్టేషన్లో రైలు దిగుతుంటే ఫోనొచ్చింది. నేను వాళ్లింటికి చేరేలోపే వాట్సాప్ గ్రూపులో శిష్యులందరూ చేతులు జోడించేశారు. వాళ్లలో సగం మంది ఆయన మంచం పట్టాక గడప తొక్కలేదు. వాళ్ల సంగతి సరే, తొక్కిన నేను చేసిన నిర్వాకం చెబుతాను.

ఊరూరా పద్యనాటకాలకు వాయించిన మనిషి. మూరెడు పైచిలుకు పాత వేణువు ఆయన ప్రాణం. ఎండకు చిట్లితే భావనపాడు నుంచి వల అల్లే దారం తెప్పించి తనే చుట్టుకునేవారు. అన్నం తిని, నోరు పుక్కిలించకుండా ఊదామా, మా వీపులు మోగేవి.

చివర్లో ఆయాసం ముదిరి, డాక్టరు ఊదడం మానమన్నాడు. వేణువుకు ఇంకో పగులు దిగింది. కట్టే సత్తువ ఆ చేతుల్లో లేదు.

"నోరు తగలకపోతే వెదురు ఎండి సచ్చిపోతాదిరా. నువ్వు తీసుకో" అన్నారు.

"నాకు తీరికెక్కడిది మాస్టారూ" అన్నాను. ఫోను చూసుకోడానికి మాత్రం బోలెడు తీరిక.

"అయితే ఎవలికైనా అమ్మిపెట్టు. ఊరికే ఇస్తే మూల పడేస్తారు. కొనుక్కున్నోడే వాయిస్తాడు."

గజపతినగరం నుంచి ఒకాయన ఆశగా వచ్చాడు. మాస్టారు లేచి కూర్చుని ముందు పగులు చూపించారు. "ఇదిగో, ఇక్కడ గాలి పోతన్నాది. కింది స్వరం పలకదు. బాగుసేసుకుంటానంటేనే తీసుకెళ్లు." వచ్చినాయన చల్లగా జారుకున్నాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ అంతే. నేను విసుక్కుంటే, "ముందు దాని రోగం సెప్పాల్రా. పాట తరవాత" అన్నారు.

ఆ విసుగులోనే దాన్ని పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోకి అమ్మేశాను. "మోగకపోతే నాకేటి? కృష్ణుడి గెటప్పుకి బాగుంటాది" అన్నాడు ఓనరు.

మాస్టారు నేనిచ్చిన డబ్బు దిండు కింద పెట్టి, "ఎవలు కొన్నారురా? వాయిస్తన్నాడా?" అని అడిగారు.

"ఎవరో కుర్రాడు మాస్టారూ. కట్టు కట్టించుకుని రోజూ వాయిస్తున్నాడు."

వెళ్లినప్పుడల్లా అడిగేవారు. వెళ్లినప్పుడల్లా సిగ్గులేకుండా ఒక కొత్త రాగం పేరు చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడం మానేశారు. బతికిపోయాననుకున్నాను.

మాస్టారు పోయిన పదో రోజున, కనీసం వాళ్లావిడ అమ్మగారికైనా నిజం చెబుదామని ఆవిడ దగ్గర కూర్చుని నోరు తెరిచాను. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు.

"ఆయనకి తెలుసు బాబూ. ఆస్పత్రికి ఎల్తంటే ఆటోలోంచి సూసేరు. స్టూడియో ముందర ఆపమన్నారు. అద్దాల బీరువాలో ఉన్నాది, బంగారు రంగేసి, నెమలీక కట్టి. పగులు మీద కూడా రంగే. 'ఆడితో అనకే, సిన్నబుచ్చుకుంటాడు' అన్నారు నాతోటి. దిగలేదు. దాన్నే సూస్తా, మోకాలి మీద ఏళ్లు ఆడిస్తా కూకున్నారు. ఎనక బళ్లోళ్లు హారన్లు కొడితే, అప్పుడు పోనీమన్నారు."