పాటతో కొలిచిన భూకంపం

మొన్న సాయంత్రం బర్ దుబాయ్‌లోని మా ఫ్లాట్‌లో ఒక చిన్న కుదుపుకు దీపం కదిలింది. బిల్డింగులో వాళ్లంతా మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటుంటే, నర్సుగా పని చేస్తున్న మా చెల్లి మాత్రం పెదవులు కదుపుతూ ఓ కీర్తన పాడుకుంటూ దిగింది. భయంతో చేసే ప్రార్థన అనుకుంటారు తెలియనివాళ్లు.

కరోనా సద్దుమణిగాక చెల్లి దుబాయ్‌కి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆదివారాలు మాకు ఫోన్లోనే కుటుంబ ప్రార్థన. ఈ దేశంలోనే తలో మూల, సజ్జాలో బాబాయి, జెబెల్ అలీలో అన్నయ్య, బర్ దుబాయ్‌లో మేము. అన్నయ్యది సాగదీత. మేం ఆమెన్ అన్నాక కూడా ఆయన ఆఖరి చరణంలోనే ఉండేవాడు. ఒక ఆదివారం పాట మధ్యలో ఎవరో తలుపు తట్టినట్టు చిన్న కుదుపు. పట్టించుకోలేదు. కాసేపటికి ఇల్లంతా ఊగింది. బాబాయి గొంతు ముందు ఆగింది, తర్వాత మాది. అన్నయ్య ఇంకా పాడుతూనే ఉన్నాడు. ఆయన అలవాటే కదా అనుకున్నాం.

చెల్లి ఆ సాయంత్రమే పెట్టె సర్దింది. ఇక్కడి నర్సు పరీక్ష రెండుసార్లు తప్పి, కిందామీదా పడి తెచ్చుకున్న ఉద్యోగం. "అక్కా, నేనెల్లిపోతానే. మన బిల్డింగు కిందే వచ్చింది. మళ్లీ వత్తే?" అని ఒకటే ఏడుపు.

మావారు సైన్సు మాస్టారు. వెళ్లి ఆ పెట్టె మీద కూర్చున్నారు. భూకంపం రెండు రకాల అలల్ని ఒకేసారి పంపుతుందట. వడిగలది ముందొచ్చి తలుపు తడుతుంది, నిదానమైనది వెనకొచ్చి ఇల్లు ఊపుతుంది. రెంటి మధ్య ఎడం ఎంత ఎక్కువైతే భూకంపం అంత దూరాన పుట్టినట్టు. ఒక ఇంటి లెక్కతో దూరమే తెలుస్తుంది, దిక్కు తెలియదు. మూడిళ్లుంటే తేల్చవచ్చు. కానీ ఆ గాభరాలో గడియారం చూసిందెవరు?

అప్పుడు ఆయనకు పాట గుర్తొచ్చింది. మళ్లీ ఫోన్లు కలిపి, తట్టినప్పుడు ఏ మాట మీదున్నారో, ఊగినప్పుడు ఏ మాట మీదున్నారో అడిగి, అక్కణ్నుంచి అక్కడిదాకా గడియారం చూస్తూ అందరిచేతా పాడించారు. "మీరు ఎప్పట్లాగే సాగదియ్యండి బావగారూ, మొహమాటపడకండి" అన్నారు అన్నయ్యతో. బాబాయి ఎడం చిన్నది, మాది కాస్త పెద్దది, అన్నయ్యది అన్నిటికన్నా పెద్దది. ఆ ఎడాలను దూరాలుగా మార్చి, అట్లాసు మీద మూడిళ్ల చుట్టూ మూడు సున్నాలు గీశారు. మూడూ సముద్రం అవతల, ఇరాన్ ఒడ్డు దగ్గర ఒకచోట కలిశాయి. కాసేపటికి టీవీ కూడా అదే వైపు చూపించింది!

బాబాయి ఫోన్లోంచే హల్లెలూయ అని కేకేశాడు. "నా సాగదీత లేకపోతే ఆ గీత ఎక్కడ పడేదో!" అన్నాడు అన్నయ్య. చెల్లి మ్యాపు మీద వేలు పెట్టి, "ఇంత దూరమా బావా!" అని కళ్లు తుడుచుకుని నవ్వింది. పెట్టె మంచం కిందకి పోయింది. నాకు పండగైంది.

మొన్న కిందికి దిగాక, పక్కింటావిడ చెయ్యి పట్టుకుని చెల్లే ధైర్యం చెప్పింది: "మన కింద కాదండీ, దూరందే. మొదటి కుదుపుకీ ఊపుకీ మధ్య ఒక చరణం పట్టింది." ఆ ఆదివారం చెల్లిని ఈ దేశంలో నిలబెట్టింది ఒక చరణమంత కాలం. ఆ తర్వాతి ఏళ్లన్నీ ఆ చరణం మీదే నిలబడ్డాయి.