సార్ పోసిన చివరి క్యూబులు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నల్లగొండ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కాంక్రీటు ల్యాబు చూసుకునేదాన్ని. కొలిచి చూడనిదేదీ నమ్మొద్దని మాకు నేర్పింది సారే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సార్ ముప్పై ఏళ్లు కాంక్రీటు పాఠం చెప్పారు. పరిశోధనంతా ఒక్కదాని మీదే: ఇసుక బదులు మా చుట్టుపక్కల క్రషర్ల రాతిపొడి వాడితే కాంక్రీటు ఎంత గట్టిగా వస్తుందని. ఆ పొడితో చిన్న దిమ్మలు పోస్తాం. వాటినే క్యూబులంటాం. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి, తర్వాత మిషన్లో పెట్టి పగలగొడతాం. దానికి ముందు సార్ వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, ఎంత బలం వస్తుందో చెప్పేవారు. చాలాసార్లు సరిపోయేది.

నాతోపాటు స్వప్న కూడా ఆయన దగ్గరే పరిశోధన చేసేది. "నువ్వు కొట్టి చూడు బిడ్డా. పుచ్చకాయ కొననీకి పోతే కొట్టి చూడవా?" అని ఆమెనే పిలిచేవారు. నాతో మాత్రం, "అమ్మా, నువ్వు రిజిస్టర్ల రాసుకో" అనేవారు. రాసుకునేదాన్ని. ఇంటికెళ్లాక, ఆమెను ఎన్నిసార్లు బిడ్డా అన్నారో డైరీలో రాసుకునేదాన్ని.

రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు సార్ గుండెపోటుతో పోయారు. సంతాప సభలో ఆయన పరిశోధన గురించి మాట్లాడే పని స్వప్నకిచ్చారు. సార్ చివరగా పోసిన మూడు క్యూబులకు సరిగ్గా సభ రోజే ఇరవై ఎనిమిది రోజులు నిండాయి. వాటిని పగలగొట్టి ఫలితం ఆమెకు రాసివ్వడం నా వంతు.

ఆ ఉదయం ల్యాబులో నేనొక్కదాన్నే. సగటు బలం నలభై రెండు వచ్చింది. నలభై దాటించాలన్నదే సార్ లక్ష్యం. అనుకున్నది సాధించారన్నమాట. నేను కాగితం మీద ముప్పై ఒకటి అని రాశాను. వేదిక మీద స్వప్న తడబడితే చాలనుకున్నాను. సార్ ముప్పై ఏళ్ల పనికి మచ్చ వస్తుందని ఆ క్షణంలో తట్టలేదు. అసలు అంకె ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

స్వప్న మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన బస్సు దిగి నేరుగా హాలుకే వచ్చింది. కాగితం ఆమె చేతికిచ్చి వెనక వరుసలో కూర్చున్నాను. ఆమె మడత విప్పింది. "నలభై రెండు" అని చదివింది. చప్పట్లు మోగాయి.

సభ అయ్యాక ఆమెను పక్కకు పిలిచాను. "గా నంబరు నీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఏందే గట్ల అడుగుతున్నవ్? నువ్విచ్చిన కాగితంల ఉన్నదే చదివిన. సార్ రాతే గదా అది!"

ఇద్దరం కాగితం చూశాం. నా రాతలో ముప్పై ఒకటి. స్వప్న కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. "తమాషాలు జెయ్యకు" అంది.

చేసిందంతా ఒప్పుకుని, రిజిస్టర్లో నలభై రెండు రాశాను.

ఇది పట్టపగలు, నిండు హాల్లో జరిగింది. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. కానీ నన్ను తినేది భయం కాదు. సారే వచ్చారనుకుందాం. క్యూబులు పగలగొట్టింది నేను. అబద్ధం రాసింది నేను. నా చెయ్యి ఆపొచ్చు కదా. ఆమె దగ్గరికే ఎందుకు వెళ్లారు?