గ్లెనిస్ రెండో పరీక్ష

నా ఆడపడుచు గ్లెనిస్ నాంకివెల్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పదేళ్ల కిందట అడిగి ఉంటే వాళ్ల మొహానే తలుపు వేసేదాన్ని. ఇప్పుడైనా ప్రేమ పొంగి రాస్తున్నది కాదు. నా బీరువాలో బట్టల కింద ఒక కాగితం పద్నాలుగేళ్లుగా పడి ఉంది. దాని సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు మనశ్శాంతి లేదు.

పోర్ట్ టాలిస్ అడిలైడ్ అవతల ఒక చిన్న రేవు. గోధుమ, బార్లీ ఓడలకెక్కించడం, పీతలు పట్టడం తప్ప ఇక్కడ పెద్ద పనేమీ లేదు. గ్లెనిస్ ధాన్యం గోదాముల దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు పరీక్షల పని చేసింది. లారీ రాగానే లోడులో ఎనిమిది చోట్ల గొట్టం దించి గింజలు తీస్తారు. కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది వరకు గళ్లుంటాయి. అవే గింజల్ని ఇద్దరు మనుషులు షెడ్డుకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చుని పరీక్షించాలి. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకూడదు. రెండు కాగితాలూ పెట్టెలో బోర్లా వేయాలి. అంకెలు కలిస్తేనే లోడు ఫలానా రకమని ముద్ర పడుతుంది. ఈ నియమం గ్లెనిస్ పెట్టింది కాదు, కానీ ఆమె పెట్టినట్టే కాపాడేది. రైతులు ఆమెను తిట్టని కోతల కాలం లేదు.

రెండు వేల పది డిసెంబరులో కోతల మధ్య వాన పట్టుకుంది. నా మొగుడు డెస్, అంటే గ్లెనిస్‌కు సొంత తమ్ముడు, తడిసిన చేలోంచి బార్లీ కోసి పట్టుకెళ్లాడు. బీరుకు పనికొచ్చే రకమైతే మంచి ధర, మొలకెత్తిందంటే పశువుల దాణా. పిండిని నీళ్లలో కలిపి వేడి చేసి అందులో ఒక కడ్డీ వదులుతారు. అది అడుగుకు చేరడానికి మూడు వందల సెకన్లు పడితే గింజ గట్టిది. ఆ రోజు సెలవుల వల్ల షెడ్డులో ఇద్దరే ఉన్నారు, గ్లెనిస్, ట్రెవర్. తమ్ముడి లోడు అని ఆమె తప్పుకోవడానికి మూడో మనిషి లేడు.

ట్రెవర్ ఆమె దగ్గరకు నడిచొచ్చాడట. "ఒక్క రైతే కదా గ్లెనిస్. మూడొందలని రాసెయ్, నేనూ అదే రాస్తా. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశాగా," అందట ఆమె. రెండు వందల డెబ్బై ఒకటని రాసి పెట్టెలో వేసింది. గత్యంతరం లేక ట్రెవర్ కూడా నిజం పరీక్షే చేశాడు. అతనిదీ అదే అంకె.

ఆ ఏడు మా పంటంతా దాణా కిందే పోయింది. సముద్రం పక్కనున్న మడి, డెస్ తాత చెట్లు కొట్టి చదును చేసిన మడి, అమ్ముకున్నాం. "ఇద్దరూ కూడబలుక్కుని రాశారు," అన్నాడు డెస్. అక్కతో మాట మానేశాడు. నేనూ మానేద్దామనుకున్నాను గానీ నాది బేకరీ. శుక్రవారం శుక్రవారం ఆమె వచ్చి మాంసం కూరి కాల్చిన పాస్టీ అడిగేది, నేను సంచిలో వేసి ఇచ్చేదాన్ని. మా చుట్టరికం అంతవరకే మిగిలింది.

షెడ్డులోకి మరలు వచ్చాక ఆమెను ఇంటికి పంపేశారు. ఏడాది తిరక్కముందే ఒక లాప్‌టాప్ పట్టుకుని మా బేకరీ కిటికీ బల్ల దగ్గర చేరింది. వాళ్లింటి దగ్గర ఇంటర్నెట్ సరిగా అందదు. రోజూ పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా గళ్ల బొమ్మలు చూసేది. ఓ రోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏంటది, అల్లికా?"

"యంత్రం," అంది. "పొడుగాటి టేపు అనుకో. గళ్లు గళ్లుగా ఉంటది, రెండు పక్కలా అంతుండదు. ఒక్కో గళ్లో సున్నానో ఒకటో. యంత్రం ఒక గడి చూస్తది, అందులో ఏదో రాస్తది, ఎడమకో కుడికో జరుగుతది. దానికున్నవి పదే ఆజ్ఞలు."

"ఎక్కడుందది?"

"ఎక్కడా లేదు. కాగితం మీదే."

"మరి నువ్వు చేసేదేంటి?"

"అది ఎప్పటికైనా ఆగుద్దా, ఆగదా, తేల్చాలి."

"నడిపి చూస్తే సరి."

"ఆగితే సరే కోరల్. ఆగకపోతే ఎన్నాళ్లని చూస్తా కూర్చుంటావ్?"

"మీ తమ్ముడి అలకలాగన్నమాట," అన్నాను కావాలనే.

ఆమె తల ఎత్తలేదు. "దానికీ ఏదో రుజువుండే ఉంటది," అంది.

తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. ఇలాంటి యంత్రాలు తేలనివి వేలల్లో ఉన్నాయట. ఏ దేశంలోనో ఉన్న మనుషులు, మొహాలు చూసుకోనివాళ్లు, జీతం భత్యం లేకుండా ఆ జాబితా పంచుకుని ఒక్కొక్కటే కొట్టేస్తున్నారు. అందరికీ చెల్లే ఒక్క ఉపాయం లేదు, ఉండదు కూడానట. కొన్నింటికి ఒక మంత్రం, కొన్నింటికి ఇంకోటి, మొండివాటికి ఒక్కోదానికీ ఏళ్ల తరబడి కుస్తీ. ఇక వాళ్ల నియమం విన్నాక నాకు ఒళ్లు మండింది. ఒక యంత్రం ఆగదని తేల్చాలంటే ఇద్దరు మనుషులు విడివిడిగా, ఒకరి ప్రోగ్రాము ఇంకొకరు చూడకుండా రాసి, ఇద్దరికీ ఒకే ఫలితం రావాలి. గ్లెనిస్ మళ్లీ ఆ షెడ్డులోకే వెళ్లి కూర్చుందన్నమాట. అరవై రెండేళ్ల వయసులో లైబ్రరీ పుస్తకం చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఐదేళ్లు తిరిగేసరికి రెండు వందల పైచిలుకు యంత్రాల పక్కన ఆమె పేరుంది.

ఈ కొత్త షెడ్డుకు ఆ చివర కూర్చునేవాడు కిటియోనె. టోంగా దీవుల్లో నుకుఅలోఫాలో రేడియోలు బాగుచేసే దుకాణం అతనిది. యాభై ఏళ్లుంటాయి, ముసలి తల్లితో ఉంటాడు, చర్చిలో పాడతాడు. ఇద్దరూ ఒక మొండి యంత్రం పట్టుకున్నారు. పొరుగింటి పంది ఎన్నిసార్లు తోలినా తన కంచె దగ్గరకే వస్తుందని, ఈ యంత్రమూ అంతేనని, దానికి పంది అని కిటియోనెయే పేరు పెట్టాడు. పని గురించి చెప్పుకోకూడదు కనుక ఫోనులో మిగతావన్నీ చెప్పుకునేవారు. పంటి నొప్పి, పాటల సాధన, వాళ్లమ్మ వండిన చేప. అవి వింటుంటే గ్లెనిస్ బుగ్గలు ఎర్రబడేవి. ఆమె అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు, పెళ్లినాడు కూడా. ఆ పెళ్లి రెండేళ్లే నిలిచిందనుకోండి.

రెండు వేల ఇరవై రెండు జనవరి చివర ఆ ఏటి జాబితా అచ్చుకు వెళ్లాలి. ఏ యంత్రాన్ని ఏ ఇద్దరు తేల్చారో పేర్లతో సహా పడుతుంది. "పేరు అచ్చులో పడితే మా అమ్మకు చదివి వినిపిస్తా," అనేవాడు కిటియోనె. గ్లెనిస్ తన సగం పంపేసింది. అతనిది కొంచెం మిగిలి ఉంది. పదిహేనో తారీకున టోంగా దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలింది. కెరటాలొచ్చాయి, ఊరి మీద బూడిద పడింది, కడలి అడుగునున్న కేబులు తెగి ఆ దేశానికీ లోకానికీ మాట లేకుండా పోయింది.

పది రోజులు గ్లెనిస్ పాస్టీ ముట్టలేదు. అడిలైడ్‌లో ఉన్న టోంగావాళ్ల చర్చికి ఫోను మీద ఫోను చేసింది. చివరికి బతికే ఉన్నాడని కబురొచ్చింది. అప్పుడు చేసింది ఆ పని. నెట్ మందకొడిగా ఉన్నప్పుడు తన కాగితాలు ఎక్కించమని అతను ఎప్పుడో తన పాస్‌వర్డు ఆమెకిచ్చి ఉన్నాడు. దాంతో లోపలికి వెళ్లి, అతని సగం తనే రాసి, అతని పేరు మీద పంపింది. ఇద్దరి ఫలితాలూ కలిశాయి. కలవక ఏం చేస్తాయి? పంది పక్కన పేర్లు రెండూ అచ్చయ్యాయి.

మార్చిలో పోలెండ్ నుంచి ఒక విద్యార్థిని రాసింది. ఆ యంత్రం ఆగదన్న మాట నిజమేనట, దానికి ఆమె దగ్గర వేరే రుజువుంది. కానీ వీళ్లిద్దరూ చెప్పిన కారణం తప్పు. టేపు కుడి అంచు చూశారు, ఎడమ అంచు చూడలేదు. రెండు ప్రోగ్రాములూ ఒకే చోట తప్పాయి. పైగా అందరూ గళ్లను సున్నా నుంచి లెక్కపెడితే, ఈ రెండూ ఒకటి నుంచి మొదలుపెట్టి ఎనిమిదేసి లెక్కపెడుతున్నాయి. ఈ రెండూ రాసింది ఒక్క చేయే, అని తేల్చేసింది. గోదాము కాగితం మీది గళ్లు గ్లెనిస్ చేతిని వదల్లేదు.

కేబులు అప్పటికే అతికింది. కిటియోనె ఫోను చేసినప్పుడు నేను పక్క బల్ల తుడుస్తున్నాను. వినకూడదనుకుంటే అవతలికి పోవచ్చు. పోలేదు.

"నా పేరు మీద ఉన్నది నేను రాయలేదు. మీరేనా?"

"నేనే."

"ఎందుకండీ?"

"నీ పేరు తప్పిపోద్దని."

"పోతే పోయేది. మళ్లీ ఏడు వచ్చేదిగా. బూడిదలోంచి మా అమ్మను మోసుకుని బయటికొచ్చాను. ఇప్పుడు కంప్యూటర్ తెరిస్తే, నేనో దొంగ రాతగాణ్నని పదహారు దేశాలవాళ్లు మాట్లాడుకుంటున్నారు. మీరు చెయ్యకుండా ఉంటే నాకు మంచి పేరూ వచ్చేది కాదు, చెడ్డ పేరూ వచ్చేది కాదు గ్లెనిస్."

ఆ పూటే ఆమె అందరికీ ఉన్నదున్నట్టు రాసింది. అతనికేమీ తెలియదని, తప్పంతా తనదని. అతని పేరు నిలిచింది. ఆమె పేరు జాబితా నుంచి తీసేశారు. ఆమె తేల్చిన రెండు వందల పన్నెండు యంత్రాల్లో పంది పోగా మిగిలిన రెండు వందల పదకొండూ మళ్లీ తేలనివాటిలో కలిపేశారు. ఎవరైనా మొదట్నుంచి పరీక్షించి సరే అంటే తప్ప అవి తేలినట్టు కాదు. ఆ పని తానే చేస్తానని కిటియోనె ముందుకొచ్చాడు. ఒకసారి మోసం బయటపడ్డాక నియమం ఇంకా గట్టిది, అది పూర్తయ్యేదాకా అతను ఆమెతో ఒక్క మాట మాట్లాడకూడదు.

ఇంటికెళ్లి డెస్‌కు చెప్పాను. సంబరపడతాడనుకున్నాను, నిజం చెప్పొద్దూ, నేనూ కొంచెం పడ్డాను. అతను గేటు కీలుకు నూనె వేస్తున్నాడు. "ముక్కూ మొహం తెలియనోడి కోసమా," అన్నాడు. "నాకు ఇరవై తొమ్మిది సెకన్లు ఇయ్యలేకపోయింది." నూనె డబ్బా అక్కడే వదిలి పెరటి షెడ్డులోకి పోయాడు, అన్నానికి రాలేదు.

మర్నాడు ఆ మాటే ఆమెను అడిగేశాను. "డెస్‌కియ్యనిది వాడికెట్టా ఇచ్చావ్?"

"డెస్ మాట్లాడతా ఉండుంటే," అంది, "వీడికి ఇచ్చేదాన్ని కాదు."

నేను గల్లా దగ్గరకు పోయి ఉన్న రొట్టెల్నే మళ్లీ సర్దాను.

రెండేళ్లు పైనే పట్టింది. గ్లెనిస్ రోజూ వచ్చేది, లాప్‌టాప్ తెరిచేది, జాబితాలో తన యంత్రాల పక్కన గుర్తులు పడుతున్నాయేమో చూసి మూసేది. తనే స్వయంగా అన్నీ మళ్లీ పరీక్షించుకుంది, కాగితాల మీద, చేత్తో. అది ఎవరికీ లెక్క కాదని ఆమెకు తెలుసు. కిటియోనెకు ఉత్తరం రాయమని నేనే పోరాను. "పరీక్ష నడుస్తుంటే పలకరించకూడదు," అంది. అదే ముప్పై ఏళ్ల కిందటి గొంతు.

పోయిన జూన్‌లో వచ్చింది కబురు. ఆమె తెర నా వైపు తిప్పింది. "రెండు వందల పదకొండు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కిటియోనె." అంతే. కింద ఇంకేమైనా ఉందేమోనని నేను వేలితో జరిపి చూశాను. లేదు.

"ఇక మాట్లాడుకోవచ్చుగా," అన్నాను. "నువ్వేం రాశావ్?"

"మీ అమ్మ ఎట్టా ఉందని రాశా. మూడు వారాలైంది, జవాబు లేదు."

ఆమె పేరు మళ్లీ జాబితాకెక్కింది, రెండు వందల పదకొండు చోట్ల. అది ఎవరికి చూపించుకోవాలో తెలియక నాకు చూపించింది. ఆ రోజు ఇంటికి వెళ్లి బట్టల కింది కాగితం తీశాను.

అదేమిటంటే, ఆ ఏడు డెస్ తన బార్లీలోంచి పిడికెడు దాచి, అక్కకు తెలియకుండా అడిలైడ్‌లో ఒక ల్యాబుకు పంపాడు. కోర్టుకెక్కుదామని. జనవరిలో జవాబొచ్చింది, రెండు వందల డెబ్బై ఒకటి. వంటింట్లో నిలబడి చదివి, నా చేతికిచ్చి, "పారెయ్," అన్నాడు. నేను పారెయ్యలేదు. అలాగని ఎవరికీ చెప్పనూ లేదు. మడి పోయిన కోపం ఎవరో ఒకరి మీద పెట్టుకోవాలిగా.

శుక్రవారం పాస్టీతో పాటు ఆ కాగితం ఆమె ముందు పెట్టాను. "ఇది నీకు అప్పుడే ఇవ్వాల్సింది," అన్నాను. చదవడానికి ఆమె సంచిలోంచి కళ్లజోడు కూడా తీయలేదు.

"నా దగ్గరా ఒకటుంది," అంది. "మొదట పరీక్ష చేసినవాళ్లకు ల్యాబు వాళ్లు నకలు పంపుతారు. అది నియమం."

"అయితే డెస్‌కి తెలుసని నీకు..."

"ఆ జనవరి నుంచే తెలుసు."

"మరి ఒక్కసారైనా వచ్చి అడగలేదేం?"

"అంకె కలిసింది కదా," అంది గ్లెనిస్. "ఇక వాడే వస్తాడనుకున్నా."

కాగితాన్ని పాత మడతల మీదే మడిచి నాకిచ్చింది. పాస్టీ తీసుకుని, ఆ రోజు కిటికీ దగ్గర కూర్చోకుండా ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రం డెస్‌కు అంతా చెప్పాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లేది అన్నాడు. కాగితం మళ్లీ బట్టల కిందే ఉంది.