వసంతమ్మ నల్లకుంట

తాండూరులో ఆదివారం పొద్దున పది గంటలకు వసంతమ్మ ఇంటి ముందర చెప్పులు వరుసగా ఉంటాయి. వరుసగా అంటే స్కేలు పెట్టి గీసినట్టే. ఒక్క చెప్పు వంకరగా కనిపించినా ఆమె తలుపు తీయదు. లోపల బండలు పరిచిన హాల్లో ఎనిమిది మంది వంగి కూర్చుంటారు: ఇద్దరు డ్రాయింగ్ టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, మిగతా ఐదుగురూ కాలేజీ అమ్మాయిలు. అందరి చేతుల్లోనూ టెక్నికల్ పెన్నులే. మొనకు సన్నటి గొట్టం ఉండి, నల్ల ఇంకుతో వెంట్రుకంత గీత గీసే పెన్నులు. వాళ్ళ వెనకాల చేతులు కట్టుకుని తిరుగుతూ ఉంటుంది వసంతమ్మ, పరీక్ష హాల్లో తిరిగినట్టు.

"నిలువుగ పట్టు. ఉత్తరం రాస్తున్నవా ఏంది, వాల్చి పడుతున్నవ్? నొక్కకు. దాని బరువుకు అదే పోతది, నువ్వు ఊకె తోడు పోవాలె."

చెట్టు కింద నీడ గీస్తున్న టీచరుగారు చుక్కలను శనగగింజలంత చేశాడని ఆమెకు ఒళ్ళు మండింది. "చీకటి గావాలంటె చుక్క పెద్దది చేస్తరా సారూ? చుక్కలను దగ్గరికి జరపాలె. వెలుతురు గావాలంటె దూరం జరపాలె. గింతే ఇద్య. దీనికి మీరు బీఎఫ్ఏ చదివిండ్రు." టీచరుగారు తల వంచుకున్నాడు. ఆయనకు యాభై ఏళ్ళు.

గీసిన గీతలను మన చెయ్యే తుడిచేయకుండా పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టాలి. ఇంకు స్కేలు కిందికి పాకకుండా స్కేలు అడుగున బిళ్ళలు అతికించి అంచు పైకి లేపాలి. పని అయిపోగానే నిబ్బు గోరువెచ్చని నీళ్ళలో కడగాలి, లేకపోతే ఇంకు లోపల గడ్డకట్టి పెన్ను పాడైపోతుంది. వీటిలో ఏది తప్పినా ఆమె మన్నిస్తుంది. మన్నించనిది ఒక్కటే. ఇంకు దిగడం లేదని పెన్నును కాగితం మీద విదిలించడం.

"ఊపాలనిపిస్తె బయటికి పోయి ఊపుకో" అనేది ఆమె ఆజ్ఞ. అందుకని బ్యాంకు ఉద్యోగి గంటకు నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్ళి, పెన్ను చెవి దగ్గర పెట్టుకుని టిక్కు టిక్కుమని ఊపుకుని వచ్చేవాడు. దారిన పోయేవాళ్ళు ఆయన ఏదో మొక్కు తీర్చుకుంటున్నాడనుకునేవారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం తప్పనిసరిగా వచ్చే మాట ఒకటుంది. "నీటిపనుల ఆఫీసుల ముప్పై మూడేండ్లు ట్రేసర్‌గ చేసిన. ఇంజినీర్లు పెన్సిల్‌తోని గీకిందాన్ని ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతోని దించిన. ఒక్క మచ్చ, ఒక్కటంటె ఒక్క మచ్చ పడలె." ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు గుళ్ళో గంటలా మోగేది. ఎనిమిది తలలూ భక్తిగా ఊగేవి.

ఇంకో నియమం కూడా ఉంది. బొమ్మ మీద ఎవరూ పేరు రాయకూడదు. ట్రేసర్లకు పటం మీద పేరుండదు. పటం మూలన గళ్ళుంటాయి: సర్వే చేసినవారు, గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. గీసినవారు అన్న గడిలో ఇంజినీరు పేరే ఉండేది. ఆ పేరును కూడా అందంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది వసంతమ్మే. ముప్పై మూడేళ్ళు తన పని మీద ఇంకొకరి పేరు రాసి రాసి, అదే పెద్దరికమని ఆమె నమ్మింది. నమ్మకపోతే రోజూ తాండూరు నుంచి వికారాబాద్‌కు ప్యాసింజర్‌లో వెళ్ళి రావడం కష్టం కదా.

కందుల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. దుకాణంలో కూర్చోబెడదామని తండ్రి చూస్తే, ఈమె సర్కారు నౌకరీ అని రైలెక్కింది. పెళ్ళి, పిల్లలు, పిల్లల పెళ్ళిళ్ళు అన్నీ రైలు టైము చూసుకునే జరిగాయి. భుజానికి వేసుకున్న సంచిలో రెండు స్టీలు డబ్బాలుండేవి. ఒకదాంట్లో జొన్నరొట్టె, ఇంకోదాంట్లో తడిగుడ్డ చుట్టిన మూడు పెన్నులు. రొట్టె డబ్బా ఎన్నోసార్లు రైల్లో మర్చిపోయింది కానీ పెన్నుల డబ్బా ఒక్కసారీ మర్చిపోలేదు.

ఇట్లా మచ్చ లేకుండా సాగిపోతున్న ఆమె జీవితంలోకి సహస్ర ఒక జిరాక్సు కాగితం పట్టుకొచ్చింది. సహస్ర కాలేజీ అమ్మాయిల్లో చిన్నది. వాళ్ళది బంట్వారం దిక్కు.

"మేడం, మీరు ఆ ఆఫీసులనే చేసిండ్రు గదా. మా నానమ్మకు నోటీసు వచ్చింది. మా రెండెకరాలు కుంటల ఉన్నయంట. కబ్జా అంట. నెల రోజులల్ల ఖాళీ చెయ్యకపోతె కంది చేనును జేసీబీతోని దున్నిస్తరంట. జర గీ పటం చూసి చెప్తరా?"

వసంతమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. కాలువ, బాట, గుట్ట, ఊరు. అన్నీ తన గీతలే. తల్లి బిడ్డను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. కాలువ మలుపు దగ్గర చిన్న కట్ట, దాని పక్కన ఐదు అలల గీతలు. కింద పేరు, నల్లకుంట.

ఆమె కాగితాన్ని మడిచి సహస్ర చేతిలో పెట్టింది. "వచ్చే వారం చెప్త" అంది. "పోయి చుక్కలు పెట్టుకో."

ఆ కుంటను తవ్వింది ఎవరో ఆమెకు తెలుసు. తొంభై నాలుగులో, ఎండాకాలం మధ్యాహ్నం, తవ్వింది తానే. పలుగు, పార లేకుండా తవ్వింది.

ఆరోజు నాలుగింటికల్లా పటం పై అధికారికి చేరాలి. ఇంజినీరు వెంకటేశ్వర్ ఆమె నెత్తి మీద నిలబడి "అయిందా? అయిందా?" అని ఊదరగొడుతున్నాడు. ఎండకు పెన్నులో ఇంకు బిగుసుకుంది. గీత దిగలేదు. మళ్ళీ "అయిందా?" అన్నాడు. ఆ కోపంలో వసంతమ్మ పెన్నును విదిలించింది. కాగితం మీదనే. కందిగింజంత చుక్క, కాలువ మలుపు పక్కన, టప్పున పడింది.

ఆయన చాయ్ తాగడానికి వెళ్ళిన కాసేపట్లో ఆమె సగం బ్లేడు తీసుకుని గీకింది. ట్రేసింగ్ కాగితం మీద ఇంకును బ్లేడుతో మెల్లగా గీకి, గోటితో రుద్ది నున్నగా చేయొచ్చు. కానీ అంత పెద్ద చుక్క పూర్తిగా పోదు. ఇంకా గీకితే కాగితానికి బొక్క పడుతుంది. కాగితంలోకి ఇంకిన మరక మిగిలింది. అప్పుడు ఆమె చెయ్యి తనంతట తానే ఆ మరక చుట్టూ ఒక కట్ట గీసింది. లోపల ఐదు అలలు వేసింది. మరక మాయమై కుంట వచ్చింది. చూడటానికి ముద్దుగా ఉంది కూడా.

వెంకటేశ్వర్ వచ్చి వంగి చూశాడు. "గిది ఏం కుంట?"

వసంతమ్మ కళ్ళ ముందర ఉన్నది నలుపొక్కటే. "నల్లకుంట సార్."

"ఆఁ, నల్లకుంట" అన్నాడు ఆయన, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. "మొన్న జీపుల పోయినప్పుడు చూసిన. నీళ్ళు తక్కువున్నయ్. పేరు రాయి మల్ల, మర్చిపోతవ్."

జీపు ఆ ఊరి దిక్కు పోనే లేదని డ్రైవరుకు తెలుసు, వసంతమ్మకు తెలుసు, వెంకటేశ్వర్‌కు అందరికంటే బాగా తెలుసు. సర్వే చేయని మనిషికి, గీసి దిద్దుకున్న మనిషికి ఆ మధ్యాహ్నం మంచి ఒప్పందం కుదిరింది. ఆమె పేరు రాసింది. మూలన గడిలో ఆయన పేరు కూడా రాసింది.

ఆ తర్వాత ఆ కుంట చేసిన ప్రయాణం చూస్తే ముచ్చటేస్తుంది. పటం నుంచి జాబితాలోకి ఎక్కింది. జాబితా నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఒక ఏడు పూడిక తీశారు. రెండేళ్ళు చేపపిల్లలను వదిలారు. చేపలు బాగా ఎదిగాయని కూడా రాసి ఉంది. ఇంత వైభవంగా బతికిన కుంటకు చివరికి ఒకే ఒక్క లోపం కనిపెట్టారు. నీళ్ళు లేవు. నీళ్ళు లేవంటే ఎవరో పూడ్చి పంట వేసుకున్నారన్న మాటే కదా. చూస్తే అక్కడ సహస్ర నానమ్మ యాదమ్మ కంది చేను ఉంది.

వసంతమ్మ ఆ వారమంతా అన్నం సయించక తిరిగింది. పోయి చెప్పాలి. చెప్తే ముప్పై మూడేళ్ళ మాట గంగలో కలుస్తుంది. ఎనిమిది తలలు ఇక ఊగవు. ఎవరో ఒక అధికారి పోయి చూడకపోతాడా, అదే తేలిపోదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అట్లా పోయి చూసే అధికారి ఉంటే ఆ కుంట పుట్టేదే కాదని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా అట్లనే అనుకుంది.

తర్వాతి ఆదివారం సహస్ర వెంట యాదమ్మ వచ్చింది. ఆమె చెప్పులు వంకరగా విడిచింది. వసంతమ్మ అయినా తలుపు తీసింది.

"అక్కా, నేను పుట్టి అరవై ఏండ్లాయె" అంది యాదమ్మ బండ మీద కూర్చుంటూ. "గా కుంటల ఒక్కనాడు కాలు గడుక్కోలె, బర్రెను తోలలె. మా మామ ఆ చేన్ల రాళ్ళేరి సచ్చిండు. నేను మొత్తుకుంటె ఆఫీసరు ఏమంటడు తెలుసా? పటం తప్పు పోదంట. గది గీసినామె చేతిల ముప్పై మూడేండ్లల్ల ఒక్క మచ్చ పడలేదంట. పెద్దోళ్ళందరు చెప్తరంట. గామె ఎవరో గాని, నా కొంప ముంచింది."

హాల్లో ఒక్క పెన్ను కూడా కదలడం లేదు. అందరికీ ఆమె ఎవరో తెలుసు. యాదమ్మకు ఒక్కదానికే తెలియదు.

తను గొప్పగా చెప్పుకున్న మాటే తాడై ఇంకొకరి మెడకు చుట్టుకుందని వసంతమ్మకు అప్పుడు తెలిసింది.

"గామె నేనే యాదమ్మా" అంది. "గది కుంట గాదు. మచ్చ. నేను పెన్ను విదిలించిన. ఇంకు పడ్డది. దాచుకున్న." చెప్తుంటే గొంతులో గంట మోగలేదు. బ్యాంకు ఉద్యోగి చేతిలోని పెన్ను వంక చూసుకున్నాడు. నాలుగుసార్ల చొప్పున ఎన్ని ఆదివారాలు వాకిట్లోకి నడిచాడో పాపం.

యాదమ్మ తిట్టలేదు. "రేపు పొద్దుగాల రైలు ఎన్నింటికి?" అని అడిగింది.

వికారాబాద్ ఆఫీసులో మహిధర్ అనే ఇంజినీరు ఉన్నాడు. మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించాడు, అంతా విన్నాడు, నవ్వాడు. "మేడం, పెద్ద వయసుల గిట్ల అనిపిస్తది. కుంట లేకపోతె చేపలు ఎట్ల పెరిగినయ్?"

"ఒక్కనాడన్న పోయి చూసిండ్రా సార్?"

"పోయినం. నీళ్ళు లేవు. అందుకే గదా నోటీసు."

ఎందుకైనా మంచిదని ఆయన రిటైరైన వెంకటేశ్వర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతల నుంచి గంభీరమైన గొంతు వచ్చింది. "నల్లకుంటనా? ఎందుకు లేదయ్యా! కట్ట మీద కూసోని టిఫిన్ తిన్న. గాలి మంచిగొస్తుండె." వసంతమ్మ కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళలో ఆయనకు ఆ కుంట మీద ప్రేమ ఇంకా పెరిగింది.

"అసలు ట్రేసింగ్ తెప్పించుండ్రి" అంది ఆమె. బతిమాలలేదు. హాల్లో టీచరుగారితో మాట్లాడే గొంతు అది. మహిధర్ లేచి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

బీరువా వెనకాల రేకు గొట్టంలో నుంచి చుట్ట వచ్చింది. ఆమె దాన్ని విప్పి కిటికీ అద్దానికి ఆనించింది. వెనక ఎండ. పటమంతా పాలమీగడ రంగులో ఉంది. కాలువ మలుపు దగ్గర మాత్రం కాగితం పలచబడి, గోరంత మేర వెలుతురు ఎక్కువగా కారుతోంది. ఆ వెలుతురులో బ్లేడు గీతలు, వాటి మధ్య ఇంకిపోయిన చుక్క.

"చూడుండ్రి. కుంటను గీసేటోళ్ళు కాగితాన్ని గీకరు. గీకిందాన్ని దాచేటోళ్ళే పైన కుంట గీస్తరు. వేలు పెట్టి చూడుండ్రి, గుంత తగుల్తది."

మహిధర్ వేలు పెట్టి చూశాడు. ఆ ఆఫీసు వాళ్ళు నల్లకుంటలో దిగి లోతు చూడటం అదే మొదటిసారి.

ఆయన వాంగ్మూలం రాసిమ్మన్నాడు. బాల్‌పెన్ను ఇస్తే వద్దంది. స్టీలు డబ్బా తెరిచి, వరండాలోకి వెళ్ళి ఊపుకుని వచ్చి, తన పెన్నుతోనే రాసింది. ఒక్క అక్షరం వంకర పోలేదు.

నెల తిరగకముందే ఉత్తర్వు వచ్చింది. నల్లకుంటను జాబితా నుంచి తొలగించారు, నోటీసును వాపసు తీసుకున్నారు. చేపల సంగతి ఎవరూ ఎత్తలేదు. వెంకటేశ్వర్ సర్వే సంగతి కూడా ఎత్తలేదు. కారణం మాత్రం స్పష్టంగా రాశారు: మాజీ ట్రేసర్ శ్రీమతి వసంతమ్మ చేసిన పొరపాటు.

ఆదివారం యాదమ్మ పచ్చి కందికాయల సంచి దించి, "ఏం రాసిండ్రో చదువు బిడ్డా" అంది. సహస్ర చదివింది. పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"గట్టిగ చదువు" అంది వసంతమ్మ.

సహస్ర మళ్ళీ చదివింది. వసంతమ్మ ఆ కాగితం తీసుకుని తన పేరును వేలితో తడిమింది. వందల పటాలు గీసింది. వాటిలో ఒక్కదాని మీదా లేని పేరు, ఒక్క మచ్చ కింద, గవర్నమెంటు ముద్రతో ఉంది. నవ్వు వచ్చింది ఆమెకు. నవ్వుతుంటేనే ఏడుపు వచ్చింది. ఎనిమిది మంది ముందర కొంగుతో ముఖం తుడుచుకుని, సహస్ర సగం గీసిన కంది చేను బొమ్మ మీదికి వంగింది.

"ఏ పెన్ను గిది? సన్నదేనా? కింద కుడిమూలకు నీ పేరు రాయి."

"బొమ్మ ఇంకా కాలేదు మేడం."

"బొమ్మ తర్వాత. ముందుగాల పేరు రాయి, ఆరనీ."