ఇల్లు ఇవ్వనన్న ఓనరమ్మ

వచ్చే నెల ఢిల్లీ నుంచి బెంగళూరుకు మారుతున్నాం. ఇల్లు వెతకడానికి ముందుగా నేనొక్కదాన్నే వచ్చాను. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల తిరిగి తిరిగి, చివరికి ఈ మధ్యాహ్నం రెండో అంతస్తులో ఒక ఇల్లు చూశాను. వంటింటి నిండా వెలుగు, బాల్కనీకి ఎదురుగా కొబ్బరిచెట్టు. చూడగానే నచ్చేసింది. రాత్రికే నా ఫ్లైటు కాబట్టి ఇదే ఖాయం చేసేద్దామనుకున్నాను.

కింద ఉండే ఓనరమ్మ మాత్రం ప్రశ్నలు ఆపలేదు. ఇంట్లో ఎంతమంది, మా అత్తగారి వయసెంత, ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంటుంది? ఇల్లు అద్దెకిస్తోందా, పెళ్లి సంబంధం మాట్లాడుతోందా అని లోపల విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెప్పాను. అంతా విని ఇంటికి తాళం వేసేసింది.

“ఈ ఇల్లు నీకియ్యనమ్మా.”

నాకు ఒళ్లు మండింది. “ఎందుకండీ?” అన్నాను.

“మీ అత్తకు మోకాళ్ల నొప్పులంటివి కదా. ఈడ లిఫ్టు లేదు. ఆమె ఒకసారి పైకెక్కితే మళ్లీ కిందికి దిగుతాదా? బేజారు పడొద్దు, రా. వెనక వీధిలో మా వదినది కింది పోర్షను ఖాళీగా ఉండాది.”

చెప్పులేసుకుని, ఆ ఎండలో తనే ముందు నడిచింది. మోకాళ్ల సంగతి నాకు తెలియనిది కాదు. కొబ్బరిచెట్టు చూసి మర్చిపోయాను, అంతే.

వదిన తలుపు తీసి, మమ్మల్ని కూర్చోబెట్టి, “ఇంట్లో ఎంతమంది ఉండారమ్మా?” అని మొదలుపెట్టింది. ఈసారి అత్తగారితో మొదలుపెట్టి, అడగనివి కూడా చెప్పాను.

ఇల్లు కుదిరింది. ఎయిర్‌పోర్టులో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇల్లు ఇవ్వనన్నందుకు ఓనరుకు దండం పెట్టి వచ్చినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?