ఆముదం చేత్తో ఇండియాకి ఆడాను

మొన్న నేను ఇండియా తరఫున క్రికెట్ ఆడాను. నవ్వకండి! ఆడాను, వికెట్ తీశాను, అదే రోజు రిటైరూ అయిపోయాను. టీ చల్లారకముందే చెప్పేస్తాను, వినండి.

కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను కటింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ని కదా. మాకు జీడిపిక్కలు పంపే టాంజానియా వాళ్లు ముగ్గురు వచ్చారు. వాళ్లెదురుగా శాంపిల్ పిక్కలు కోసి లోపల పప్పు చూపించాలి. పిక్క తొక్కలో ఉండే జీడి రసం చేతికంటితే బొబ్బలే! అందుకని చేతులకి ఆముదం దట్టంగా పట్టించుకుని కోశాను. ఇరవయ్యేళ్ల అలవాటు మరి.

పని అయ్యింది, లంచ్ ఇంకా రాలేదు. వాళ్లలో జోసెఫ్ అనే పొడుగాయన మా ప్యాకింగ్ వాళ్ల బ్యాట్ చూసి "క్రికెట్?" అన్నాడు. అంతే! పిక్కలు ఎండబెట్టే సిమెంటు కళ్లం గ్రౌండైపోయింది. పప్పు నింపే ఖాళీ రేకు డబ్బా వికెట్టు. ఓనరు గారు అంపైరు. ఇండియా వర్సెస్ టాంజానియా! వాళ్లకి మనుషులు చాలక, కారులో తీసుకొచ్చిన డ్రైవర్ని కలుపుకున్నారు. ఆ డ్రైవరెవరు? మా ఆయనే! పొద్దున్న నేను పెట్టిన టీ తాగి, మధ్యాహ్నానికి టాంజానియా అయిపోయాడు.

చిన్నప్పుడు అక్కుపల్లి సముద్రం ఒడ్డు ఇసకలో మా అన్నయ్యలందరికీ నేనే స్పిన్ బౌలర్ని. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా మా ఆయన ఈ మాట నమ్మలేదు. పైగా చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తాడు. నాకెంత మంటో!

ఆఖరి ఓవర్. వాళ్లకి మూడు పరుగులు కావాలి, ఒక్క వికెట్టే ఉంది. బ్యాటింగ్ మా ఆయన. నేను వెళ్లి బంతి లాక్కున్నాను.

"ఏటే, నువ్వేత్తావా?" అని పడీపడీ నవ్వాడు.

"ఏత్తాను. అవుటైతే ఏటి సేత్తావు బావా?"

"రోజూ పొద్దున్నే నేనే లేసి నీకు టీ ఇత్తాను. అవకపోతే?"

"ఇంక జన్మలో బౌలింగ్ మాటెత్తను."

మొదటి బంతి వేళ్లతో గట్టిగా మెలితిప్పాను. అది వెనక్కి జారి ఓనరు గారి పొట్టకి తగిలింది. పొట్ట పట్టుకునే "వైడ్!" అన్నారు. రెండోది పక్కకి పోయి శాంపిల్ పిక్కల ట్రేలో పడింది. అదీ వైడే!

అప్పుడు చూసుకున్నాను నా చెయ్యి. ఆముదంతో తళతళా మెరుస్తోంది! కడుక్కొస్తానంటే పారిపోయిందంటాడు. గబుక్కున ఏప్రన్‌కి తుడుచుకున్నాను. దానికి నా చేతికంటే ఎక్కువ ఆముదం!

ఇంకొక్క పరుగిస్తే పద్దెనిమిదేళ్ల పరువు పోతుంది. బంతిని గట్టిగా బిగించి, కళ్లు మూసుకుని వేశాను. అది చేతిలోంచి జర్రున జారి నిట్టనిలువునా ఆకాశంలోకి లేచింది. మా ఆయన తలెత్తాడు. నడినెత్తిన ఎండ!

"ఏదే బంతి? ఏదే?" అంటూ గుండ్రంగా తిరుగుతున్నాడు.

డంగ్! డబ్బా మోగింది. కళ్లు తెరిచేసరికి ఓనరు గారి వేలు పైకుంది.

"అదెలాగ అవుటండీ బాబూ! అంతెత్తు బంతి నో బాలు కాదేటి?" అన్నాడు మా ఆయన.

"నా ఫ్యాక్టరీ, నా వేలు. లంచ్ వచ్చేసింది, పదండి," అన్నారాయన.

మా కటింగ్ ఆడవాళ్ల ఈలలు రైల్వే స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి! గాల్లో తేలిపోయాను. జోసెఫ్ వచ్చి చెయ్యి చాచాడు. ఇస్తే గుట్టు రట్టే! రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. మన పద్ధతి అనుకుని ముగ్గురూ వంగి వంగి పెట్టారు. సాయంత్రం ఇంకో మ్యాచ్ అన్నారు. అక్కడికక్కడే రిటైర్మెంట్ ప్రకటించేశాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మంచం దగ్గరికి టీ వస్తోంది. గ్లాసు చేతికిస్తూ రోజూ అదే ప్రశ్న:

"నిజం సెప్పే, ఆ బంతి ఎలాగేసినావు?"

"మణికట్టులో ఉంది బావా," అంటాను.

మీకు దండం పెడతాను, మా ఆయన దగ్గర ఆముదం మాటెత్తకండి. తెలిసిందంటే రేపట్నుంచి మళ్లీ నేనే లేచి టీ పెట్టుకోవాలి!